ముట్టింది, పట్టింది

మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా, ఇటు కంభం చెరువు కట్ట నుంచి అటు నల్లమల గట్ల దాకా వెతికినా ఆంజనేయులు చెవుల్లాంటి చెవులు ఇంకో మనిషికి లేవు. మొదట్లో ఇది ఊరి మాట కాదు, ఆంజనేయులు మాటే. చెప్పీ చెప్పీ దాన్ని ఊరి మాట చేశాడు. వయసులో ఉండగా పలకరాళ్ళ గనిలో పనిచేసేవాడు. ఒకనాడు మధ్యాహ్నం బండ మీద కూర్చొని సద్ది తింటుంటే, ఆ బండ కింద పాము కుబుసం విడుస్తున్న చప్పుడు వినపడిందట. పెట్టెలో దాచిన పట్టుచీర మడత విప్పితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుందట ఆ చప్పుడు. "ఆడదో మగదో గూడా చెప్పినా. బండ లేపి చూస్తే ఆడదే," అనేవాడు టీ హోటల్ బల్ల మీద కాళ్ళు మడుచుకొని. వినేవాళ్ళు గ్లాసులు చేతుల్లో మరిచిపోయేవాళ్ళు. అంతా అయ్యాక కండువా దులిపి భుజాన వేసుకుంటూ, "ఇందులో ఒక్కటి కల్పించినాలే. ఆ పొద్దు సద్దిలోకి నంజుకోను ఉల్లిగడ్డ లేదు," అని ఒప్పుకునేవాడు. ఏ కథకైనా ఆయన పద్ధతి అదే. చివర ఒక చిన్న అబద్ధాన్ని తనే పట్టి ఇచ్చేస్తాడు. దాన్ని చూసి జనం నవ్వుకుంటుంటే పెద్ద అబద్ధం వాళ్ళ పక్కనుంచే దర్జాగా ఊళ్ళోకి నడిచిపోతుంది.

ఆ చెవులు వేసుకునే ఇప్పుడు మార్కాపురం ఆసుపత్రి వరండాలో సిమెంటు బెంచీ మీద కూర్చున్నాడు. ఎదురుగా తెల్ల రంగు తలుపు, తలుపు అవతల గురవమ్మ. సాయంత్రపు ఎండ గచ్చు మీద పలచగా సాగుతూ ఆయన కాళ్ళ దాకా వచ్చి ఆగింది. తలుపు మూసి ఉన్నా లోపలిదంతా వినిపిస్తూనే ఉంది. ఫ్యాను రెక్క ఒకటి వంగి ఉన్నట్టుంది, తిరిగినప్పుడల్లా టక్కుమంటోంది. సెలైన్ స్టాండుకు ఒక చక్రం తుప్పు పట్టింది. నర్సమ్మవి రబ్బరు చెప్పులు, డాక్టరమ్మవి మడమ చప్పుడు చేసే చెప్పులు. ఈ చప్పుళ్ళన్నిటి అడుగున, బావిలో ఎక్కడో నీళ్ళు కదిలినట్టు, గురవమ్మ ఊపిరి. అది ఆమెదేనని ఎట్లా తెలుసు అని ఎవరన్నా అడిగితే నవ్వాలి. ఇన్నేళ్ళు పక్క మంచంలో విన్న ఊపిరి తెలియకపోతే ఇక తెలిసేదేముంది. లోపలికి పోయేటప్పుడు పొడుగ్గా ఉండేది, ఇప్పుడు పొట్టిదైంది. గుమ్మం దాకా వచ్చి ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగిపోతోంది.

డాక్టరమ్మ చిన్న పిల్ల, వివరంగానే చెప్పింది. "ఆమె రక్తం తీసి గాజు గొట్టంలో పోసి బల్ల మీద నిలబెట్టినాం పెద్దాయనా. దాన్ని ఎవరూ కదపకూడదు. కాసేపటికి అది గడ్డ కట్టాలి. మధ్యాహ్నం పెట్టినప్పుడు కట్టలేదు, రక్తపింజరి విషం రక్తాన్ని అట్లా చేస్తుంది. విరుగుడు మందు ఎక్కించినాం. ఇప్పుడు మళ్ళీ పెట్టినాం. గడ్డ కడితే మందు పనిచేసినట్టు." పాలు తోడుకున్నట్టన్న మాట, అనుకున్నాడు. పాలు తోడు వేసిన దుత్త. గురవమ్మ గోరువెచ్చని పాలలో మజ్జిగ చుక్క వేసి, మూత పెట్టి, గోడవారన పెట్టేది. ఆయన పోతూ వస్తూ మూత తీసి చూసేవాడు, అదొక చెడ్డ అలవాటు. "కదిలించబాక అంటే నీకు కాదా, చూస్తే తోడుకోదు," అని వంటింట్లోంచి అరిచేది. చూస్తే పాలకేమన్నా సిగ్గా, అనేవాడు. ఇప్పుడు ఆ తలుపు వైపు చూడటం మానేసి గచ్చు మీది ఎండను చూస్తున్నాడు. చూస్తే తోడుకోదేమో. తోడుకోవే తల్లీ. ఒక్కసారి తోడుకో, ఈ జన్మలో మళ్ళీ ఏ దుత్త మూతా తీయను.

పక్కన కోడలు యామిని. చేతిలో పైటకొంగు ఉండలా చుట్టుకొని, విప్పి, మళ్ళీ చుడుతోంది. గుంటూరు టౌన్‌లో పుట్టి పెరిగిన పిల్ల. కొడుకు నరేష్ బోరు బండి మీద పనికి ఆ వైపు పోయినప్పుడు ఇష్టపడి చేసుకున్నాడు. ఊరికి వచ్చి ఏడాది తిరగలేదు. ఇక్కడి మాటలు ఒక్కొక్కటే నేర్చుకుంటోంది. గురవమ్మ ఆ పిల్లను వెంటేసుకొని పెరడంతా తిప్పుతూ ఇది ఇట్లనాల, అది అట్లనాల అని బడి పెట్టేది. పొద్దున సద్ది గట్టుకొని చేనికి పోయేటప్పుడు, "మీ మామ మాటలు మాత్రం నేర్సబాక, ఎందుకూ పనికిరావు," అని చెప్పి పోయింది. ఈ పొద్దు పొద్దున్నే. నిన్న కాదు, పోయిన ఏడు కాదు. ఈ పొద్దే.

అన్ని మాటలు నేర్పిన మనిషి ఒక్క మాట మాత్రం నేర్పలేదు, ఎందుకంటే ఆ మాట ఆమె నోటితో పలకదు. గురవమ్మ పామును పాము అనదు. పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందని. పురుగు అంటుంది. ఆయన గట్టు మీదో అరుగు మీదో పాము కథ ఎత్తుకుంటే లోపలి నుంచి "పురుగు అనయ్యా, పురుగు అను," అని గిన్నెల చప్పుడుతో సహా వినపడేది. ఆయన ఊరుకునేవాడా. "పురుగేందే, దానికి పడగుంటే. పా... ము..." అని సాగదీసేవాడు. ఆమె రెండు చేతులతో చెవులు మూసుకునేది, చేతిలో పప్పుగుత్తి ఉంటే పప్పుగుత్తితో సహా. ఆయన చెప్పిన ఏ కథకూ ఆమె నవ్వలేదు. ఊరంతా పడీ పడీ నవ్వుతుంటే ఆ మనిషి మాత్రం చాటలో బియ్యం చెరుగుతూ, అయిపోయిందా, ఇక లెయ్, నీళ్ళు కాగినాయి, అనేది. ఎన్ని కథలు కట్టాడు. ఎన్నిటికి కొత్త తోకలు తగిలించాడు. ఊరిని నవ్వించడానికి అని అందరూ అనుకునేవాళ్ళు. ఊరిదేముంది, ఊరు దేనికైనా నవ్వుతుంది.

కందికి పురుగు, మిరపకు పురుగు, బియ్యంలో పురుగు, పంట్లో పురుగు, పాము కూడా పురుగే. ఇన్ని పురుగుల్లో ఏది ఏదో వెనకాల వచ్చే మాటను బట్టి తెలుసుకోవాలి. పట్టింది అంటే పైరుకు. పడింది అంటే బియ్యానికి. ముట్టింది అంటే మనిషికి. పురుగు ముట్టింది అంటే ఈ వైపు చంటిపిల్లలు కూడా లేచి పరిగెత్తుతారు. గుంటూరు టౌన్‌లో పైరు లేదు, చేను లేదు, పట్టేదీ లేదు ముట్టేదీ లేదు, ఆ పిల్లకు ఎవరు చెప్పాలి.

పొద్దున ఆయన టీ హోటల్లో కుబుసం కథే చెబుతున్నాడు. బండ ఇంకా లేవలేదు, ఆడదో మగదో ఇంకా తేలలేదు. ఫోన్ ఇంట్లో చార్జింగ్‌కు పెట్టి వచ్చాడు. యామిని రోడ్డు అవతల నిలబడింది, హోటల్లో మగవాళ్ళున్నారని ఇవతలికి రాలేదు. "మావయ్యా, అత్తయ్య ఫోన్ చేశారు. చేలో పురుగు పట్టిందట. మిమ్మల్ని తొందరగా రమ్మన్నారు." స్పష్టంగా వినపడింది. మధ్యలో ఆటో పోయింది, అయినా వినపడింది. పట్టింది. పకారం మీద ఎక్కడా మసక లేదు. మొన్న మబ్బు పట్టినప్పుడే అనుకున్నా, కాయ మీదికి వచ్చే పొద్దుకు కందికి పురుగు పడతదని, అని పక్కవాళ్ళతో అంటూ బండ లేపి, పామును చూపించి, ఉల్లిగడ్డ మాట ఒప్పుకొని లేచాడు. ఒట్టి చేతులతో చేనికి పోయి ఏం చేయాలి. ఆటో ఎక్కి కంభం పోయాడు. మందుల దుకాణంలో ఈ మందు కాదు ఆ మందు అని బేరమాడాడు. దుకాణం అతనికి కూడా ఏదో కథ చెప్పాడు. ఏ కథ? గుర్తుకు రావడం లేదు. దుకాణం అతను నవ్వాడు, అది గుర్తుంది. వచ్చేటప్పుడు తమలపాకులు తీసుకున్నాడు. సంచిలో మందు సీసా, తమలపాకులు. ఆ సంచి ఇప్పటికీ ఆయన ఒళ్ళోనే ఉంది. ఇందాక నర్సమ్మ ఆ సీసా చూసి కంగారుపడి, "ఇదేమన్నా తాగిందా?" అని అడిగింది. కాదమ్మా, ఇది పురుగుకు, అన్నాడు.

ఎండ నడినెత్తి మీదికి వచ్చాక చేనికి చేరాడు. గట్టు మీద కంది చెట్ల పలచటి నీడలో గురవమ్మ పడుకొని ఉంది. నడుం వాల్చింది కాబోలు అనుకున్నాడు, ఏమే రాణీ, పురుగును నన్ను చూసుకోమని నువ్వు నిద్రపోతున్నావా, అనబోయాడు. అప్పుడు కాలు కనపడింది. రెండు పక్కలా రెండు కందికట్టెలు పెట్టి, చీర అంచు చించి, పాదం నుంచి మోకాలి పైదాకా చుట్టి ఉంది, కాలు విరిగితే కట్టిన కట్టులా. వేలు దూరేంత వదులుగా. ఎక్కడా తాడు బిగించలేదు, కత్తితో గాటు పెట్టలేదు, పసరు పుయ్యలేదు. తన కాలికి తనే కట్టుకొని, తనే పడుకొని, కదలకుండా, ఆయన కోసం.

అదంతా ఆశా అమ్మాయి కేథరిన్ నేర్పింది. పంచాయతీ అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. పాము కరిస్తే తాడు బిగించి కట్టొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, మంత్రం వేసేవాళ్ళ దగ్గరికి పోయి పొద్దు పోగొట్టుకోవద్దు. నడవొద్దు, పరిగెత్తొద్దు, నడిస్తే విషం తొందరగా ఎక్కుతుంది. ఎక్కడున్నవాళ్ళు అక్కడే పడుకొని, కర్రలు కట్టుకొని, ఎవరినైనా పిలిపించుకొని ఆసుపత్రికి పోవాల. ఆంజనేయులు ముందు వరసలోంచే, "అమ్మాయ్, మనిషి అట్ల కదలకుండా పడుకుంటే అది గూడా అలిసిపోయి పక్కనే పడుకుంటదేమో. ఇంకో దుప్పటి తెచ్చుకోవాలనా?" అన్నాడు. అరుగంతా నవ్వింది, కేథరిన్ కూడా నవ్వింది. గురవమ్మ నవ్వలేదు. ఒక పిల్లను పిలిచి దాని కాలికి కట్టు ఎట్లా కట్టాలో రెండోసారి చూపించమని కేథరిన్‌ను అడిగింది. ఆ కట్టే ఇది. ఎక్కడా తప్పు లేదు. నడవలేదు. చేను దాటితే రోడ్డు, పాకి పోయినా ఎవరో ఒకరు కనపడేవాళ్ళు. నడవొద్దన్నారు కాబట్టి నడవలేదు. చేతిలో చిన్న ఫోను చార్జింగ్ అయిపోయి నల్లగా ఉంది. ఒక్కసారి చెప్పాను కదా, వస్తాడులే అనుకొని పడుకుంది. వస్తాడులే. ఆయన తమలపాకులు లేతవి ఏరుతున్నాడు అప్పుడు.

ఆయన చేతిలో సీసా చూసింది. పళ్ళ సందుల్లో నెత్తురు ఎర్రగా ఉంది. "ఏందయ్యా అది?" అంది. పురుగు మందు, అన్నాడు. "ముట్టిందని చెప్పినా గదయ్యా ఆ పిల్లకు." పట్టిందన్నది, అన్నాడు. ఆమె సీసా వైపు, ఆయన వైపు చూసింది. "ముట్టేదేందో పట్టేదేందో ఆ పిల్లకేం తెలుసు," అంది. అని నవ్వింది. నవ్వింది, ఆయన చూశాడు. ఇన్నేళ్ళకు ఆయన చెప్పని కథకు నవ్వింది. ఆ తర్వాత ఆయన అరిచిన అరుపుకు అప్పుడే పక్క చేలో గడ్డి కోతకు దిగిన మార్తమ్మ పరిగెత్తుకొచ్చింది, మార్తమ్మ ఫోన్‌లోంచే ఆంబులెన్సు, మార్తమ్మ కొంగుతోనే గురవమ్మ నోరు తుడవడం. కబురంది రోడ్డు మీదికి వచ్చిన యామిని దారిలో ఎక్కింది. ఎక్కగానే ఆంబులెన్సు అబ్బాయి, "పురుగు ముట్టి ఎంతసేపయింది?" అని అడిగాడు. యామిని ఆ అబ్బాయి ముఖం వైపు, తర్వాత అత్త కాలి వైపు చూసింది. అప్పటి నుంచి ఆ పిల్ల కొంగు చుడుతోంది, విప్పుతోంది. ఆ కొంగు గరగరలో ఏం నలుగుతోందో ఆయనకు వినపడుతూనే ఉంది.

"మావయ్యా," అంది ఇప్పుడు.

ఆయన తల తిప్పాడు.

"ఇక్కడ పామును పురుగు అంటారా?"

"అంటాం తల్లీ."

"అత్తయ్య ఫోన్‌లో పురుగు అనే అన్నారు." కొంగు మళ్ళీ ఉండ చుట్టింది. "తర్వాత ఏమన్నారో నాకు గుర్తు రావట్లేదు. ముట్టింది అన్నారా, పట్టింది అన్నారా. నాకు రెండూ ఒకటే అనిపించాయి. రోజూ మీరంతా కందికి పురుగు పట్టింది అంటుంటారు కదా, నేను అదే అనుకున్నాను. మీతో ఏమని చెప్పాను మావయ్యా? పట్టింది అన్నానా?"

ఎండ ఆయన కాళ్ళ మీది నుంచి ఒక్క గీటు వెనక్కి పోయింది. కథలు ఎట్లా పుడతాయో ఆయనకు తెలుసు, ఆ ఫ్యాక్టరీ యజమాని ఆయనే. రేపు పొద్దునే టీ హోటల్లో ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. గుంటూరు పిల్ల పట్టిందన్నదంట, ముసలోడు పురుగు మందు తెచ్చినాడంట. మొదట అయ్యో అంటారు. నెల పోయాక చిన్నగా నవ్వుతారు. ఏడాది పోయాక దానికి ఒక తోక తగిలిస్తారు. ఈ పిల్ల నీళ్ళకు పోతే వెనకాల వినపడుతుంది, దీనికి పుట్టబోయే బిడ్డలను కూడా బళ్ళో ముట్టిందా పట్టిందా అని ఏడిపిస్తారు. ఆ ఊరికి అట్లా నవ్వడం నేర్పింది ఎవరు. నరేష్ మంచివాడే, ఒక్క మాట అనడు. అనని మాట ఇంట్లో మంచం కింద పాములా పడుకొని ఉంటుంది, ఎన్నేళ్ళయినా. ముట్టేదేందో పట్టేదేందో ఆ పిల్లకేం తెలుసు. అట్లా అన్నది ఆమే కదా. బతుకంతా నవ్వించడానికే మాటలు చెప్పిన మనిషి ఈ ఒక్కటి నమ్మించాలి. ఒక్కరు కాదు, ఇద్దరు నమ్మాలి. ఊరి కంటే ముందు నమ్మాలి.

"ముట్టిందనే చెప్పినావు తల్లీ," అన్నాడు. "నాకే సరిగ్గా ఇనపడలేదు."

"మీకు వినపడకపోవడం ఏంటి? గేటు దగ్గరికి రాకముందే ఎవరొచ్చారో చెప్తారు."

"అది కుక్క తోక చూసి. కుక్క ఎవురికి ఎట్ల తోక ఊపుతాదో చూసి చెప్తా." నవ్వాడు. నవ్వడం కష్టం కాలేదు, ముఖానికి అలవాటున్న పని. "కుబుసం కథ గూడా అబద్ధమే. బండ కింద పాము చప్పుడు ఎవురికన్నా ఇనపడతదా పిచ్చితల్లీ. గనిలో రాయి పగలగొట్టను మందు పేలుస్తారు. ఆ పేలుళ్ళకు అప్పుడే పోయినాయి చెవులు. చెవిటోడు అనిపించుకోలేక ఆ కథ కట్టినా. చెవుల కథ చెప్పేటోనికి చెవుడు ఉంటదని ఎవురనుకుంటారు?"

కుబుసం కథ అబద్ధమని ఒప్పుకోవడం తేలికే, అది అబద్ధమే కాబట్టి. దాని వెనకాల లేని చెవుడును నిలబెట్టడమే పెద్ద పని. యామిని ఆయన ముఖంలోకి చూస్తోంది. నమ్మాలని ఉంది ఆ పిల్లకు, నమ్మడానికి భయంగా ఉంది.

"మరి నేను ఇప్పుడు మాట్లాడేది..."

"నీ పెదాలు చూస్తా గదా. పొద్దున నువ్వు రోడ్డు అవతల నిలబడి చెప్పినావు. మధ్యలో ఆటో అడ్డమొచ్చింది. ముట్టింది అన్నా పట్టింది అన్నా పెదాలు ఒక్క తీరుగానే కలుస్తాయి. అని చూడు."

యామిని గొంతు లేకుండా అని చూసుకుంది. ముట్టింది. పట్టింది. రెండుసార్లూ పెదాలు కలిసి విడిపోయాయి. "అత్తయ్యకు తెలుసా?" అంది.

"ఆమెకొక్కదానికే తెలుసు. అందుకే గదా నా మీద ఎప్పుడూ అరిచేది."

ఆ పిల్ల కొంగు వదిలేసింది. అత్తయ్య అరుపులు గుర్తు తెచ్చుకుంటోంది, నీళ్ళు కాగినాయనీ, దుత్త కదిలించొద్దనీ, కథ చాలించి లెయ్యమనీ. అన్నీ అరుపులే. గురవమ్మ అరిచేది ఆయన వినిపించుకోడని, వినపడదని కాదు. ఇంతకాలం పడిన ఆ అరుపులు ఇప్పుడు సాక్ష్యానికి వచ్చి నిలబడ్డాయి. యామిని ముఖం చేతుల్లో పెట్టుకొని ఏడ్చింది. అది వేరే ఏడుపు, మామూలు ఏడుపు, అత్త కోసం కోడలు ఏడ్చే ఏడుపు. పాపిష్టి నవ్వులు నవ్వించిన నోటికి ఇంత పని చేతనవుతుందని ఆయనకు ఇన్నాళ్ళూ తెలియదు.

అప్పుడు లోపల మడమల చప్పుడు బల్ల దగ్గరికి పోయి ఆగింది. గాజు గొట్టాన్ని ఎత్తారు. ఎత్తేటప్పుడు గాజు చెక్కకు తగిలి చిన్నగా మోగింది. "వంచి చూడండి మేడమ్," అంది నర్సమ్మ. కొంచెంసేపు ఫ్యాను రెక్క ఒక్కటే. "నీళ్ళలాగే కారుతోంది." ఆ మాట నర్సమ్మ గుసగుసగా అంది, తలుపు వేసే ఉంది, అయినా ఆంజనేయులు చెవి పక్కన నిలబడి అన్నట్టే ఉంది. పాలు తోడుకోలేదు. నేను చూడలేదే, ఈసారి మూత తీయలేదే. తుప్పు చక్రం గబగబా కదిలింది, ఇంకో సీసా మూత ఊడింది, బీపీ అందడం లేదు అని ఎవరో అన్నారు. యామిని తలెత్తి, "లోపల ఏదో మాట్లాడుకుంటున్నారు మావయ్యా," అంది.

"ఆఁ?" అన్నాడు ఆయన, ఆ పిల్ల పెదాల వైపు చూస్తూ.

"లోపల. ఏదో మాట్లాడుతున్నారు."

"నాకేం ఇనపళ్ళా," అన్నాడు. అంటూనే వింటున్నాడు. బావి అడుగున నీళ్ళు కదలడం వింటున్నాడు. ఆ ఊపిరి గుమ్మం దాకా వచ్చింది. తెల్లవారకముందే లేచి పెరట్లో బిందె దించే చప్పుడు, గాజులు మోచేతి దాకా తోసుకునే చప్పుడు, ఎడమ కాలు కొంచెం ఈడ్చి నడిచే చప్పుడు, తలుపు గడియ, చీపురు, పొయ్యి ఊదిన గొట్టం, ఆమె చప్పుళ్ళతోనే ఆయనకు రోజూ తెల్లవారేది. ఆ చెవుల గొప్ప అంతా ఆమె చప్పుళ్ళు వినీ వినీ వచ్చిందే. ఆ ఊపిరి గుమ్మం దగ్గర నిలబడింది. ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగింది. ఏం మరిచిపోయినావే, రా. తమలపాకులు సంచిలోనే ఉన్నాయి, లేతవి. ఫ్యాను టక్కుమంది. మళ్ళీ టక్కుమంది. ఆ రెండు చప్పుళ్ళ మధ్య ఉండాల్సింది లేదు. ఇంకోసారి విన్నాడు. లేదు. ప్రపంచంలో ఉన్న చప్పుళ్ళన్నీ ఉన్నాయి, రోడ్డు మీద బస్సు హారన్, ఎవరి పిల్లాడో ఏడుపు, కాకి. ఆ ఒక్కటి లేదు.

లేవకూడదు. తెలిసినట్టు కనపడకూడదు. సంచి పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి, వాటిని ఒక్కొక్కటే సడలించాడు. పక్కనున్న పిల్లకు ఇంకా తెలియదు. ఆ పిల్లకు తెలియనిది చెవిటివాడికి ఎట్లా తెలుస్తుంది.

తలుపు తెరిచి నర్సమ్మ వచ్చింది. మంచి పిల్ల, ఆయన ముందు వంగి భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా, ఎవరికీ వినపడకుండా చెప్పింది. ప్రయత్నం చేసినాం పెద్దాయనా, ఆమె పోయింది.

ఆంజనేయులు చెవి వెనక అరచెయ్యి పెట్టుకున్నాడు. "గట్టిగా చెప్పమ్మా. నాకు చెవుడు."

నర్సమ్మ యామిని వైపు చూసింది. యామిని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నర్సమ్మ ఇంకా కిందికి వంగి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, గొంతు పెంచి చెప్పింది. వరండాలో వాళ్ళంతా తిరిగి చూశారు. మెల్లగా చెబితే ఒక్కసారి పోయేది గురవమ్మ. రెండుసార్లు పోయింది.

నరేష్ వచ్చేసరికి గచ్చు మీద ఎండ లేదు. బోరు బండి మీద నుంచి దిగి వచ్చినవాడు వచ్చినట్టే ఉన్నాడు, మోకాళ్ళ దాకా బూడిద రంగు బురద. లోపలికి పోయి చూసి వచ్చి తండ్రి ముందు నిలబడ్డాడు. "ఎట్లయింది నాయనా?" అన్నాడు. యామిని నోరు తెరిచింది. ఆంజనేయులు అంతకంటే ముందు ఎత్తుకున్నాడు. కథ ఎత్తుకోవడంలో ఆయనను మించినవాళ్ళు లేరు. అమ్మ ఫోన్ చేసి ముట్టిందని చెప్పడం, ఈ పిల్ల ఉన్న మాట ఉన్నట్టు పరిగెత్తుకొచ్చి చెప్పడం, ఆటో అడ్డం రావడం, ఆయన పట్టింది అనుకోవడం, కంభం, సీసా, తమలపాకులు. సంచి తెరిచి చూపించాడు. కందికట్టెల కట్టు ఎంత బాగా కట్టుకుందో చెప్పాడు. "నా చేతిలో సీసా చూసి మీ అమ్మ నవ్వింది నాయనా," అన్నాడు.

"నీకు చెవుడేంది?" అన్నాడు నరేష్.

"ఆఁ?"

నరేష్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. "ఒక్క మాట. ఒక్క మాట సరిగ్గా ఇనలేకపోయినావు," అన్నాడు గోడతో, పక్కన ఉన్నవాళ్ళకు కూడా వినపడనంత మెల్లగా. ఆంజనేయులు విన్నాడు. విని, కండువా దులుపుకుంటూ, ఏమీ విననివాడిలా గచ్చును చూశాడు. ఇకముందు ఇట్లాగే వినాలి. వెనక నుంచి పిలిస్తే తిరగకూడదు. ఆ పిల్ల ముందు ఆటో చప్పుడుకు కూడా తల తిప్పకూడదు. పొద్దున్నే వినడానికి ఇంట్లో చప్పుళ్ళు ఎట్లాగూ లేవు, కాబట్టి అంత కష్టం కాకపోవచ్చు.

నరేష్ ఇటు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చిన్నప్పుడు తండ్రి కథ అయిపోగానే మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని ఒకటే అడిగేవాడు. ఇప్పుడూ తండ్రి ఎదుట గొంతుక్కూర్చొని, మోకాళ్ళ మీద చేతులు పెట్టి, ఆయనకు పెదాలు కనపడేట్టు ముఖం దగ్గరగా పెట్టి, గట్టిగా అడిగాడు.

"ఇందులో కల్పించింది ఏంది నాయనా?"

యామిని ఊపిరి బిగబట్టింది. అది కూడా ఆయనకు వినపడింది.

"ఒక్కటి కల్పించినా," అన్నాడు ఆంజనేయులు. "మీ అమ్మ నవ్విందని చెప్పినా గదా. నవ్వలేదు నాయనా. సీసా చూసింది, నన్ను చూసింది, అంతే. నవ్వలేదు. అదొక్కటే నేను కల్పించింది."